డిక్కీలో నీళ్ళు

షోరూములో మన చేతిలోంచి మొదట జారిపోయేది తాళంచెవి. "మీ పాత బండికి వెల కట్టించుకొస్తాం, ఒకసారి కీ ఇస్తారా?" అని ఆ కుర్రాడు ఎంత మర్యాదగా అడుగుతాడంటే, గుళ్ళో శఠగోపానికి తల వంచినట్టు మనమూ చెయ్యి చాపేస్తాం. ఆ తర్వాతగానీ శఠగోపానికి తెలుగులో ఉన్న రెండో అర్థం గుర్తుకు రాదు. ఒంగోలు బజార్లో మా అమ్మ చీర కొంటే సగం బేరం దుకాణం మెట్లు దిగుతూనే జరిగేది. "వద్దులేరా, పద" అని నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేస్తే వెనకనుంచి పిలుపొచ్చేది. రాకపోతే పక్క దుకాణం. ఇక్కడ న్యూజెర్సీలో, హైవే పక్కన, ఇంటికి తొమ్మిది మైళ్ళ దూరంలో, తాళంచెవి వాళ్ళ చేతికిచ్చి మెట్లు దిగి ఎక్కడికి పోతాను? ఆ దారిలో బస్సు కూడా లేదు.

పాతది 2012 కామ్రీ. 1,42,000 మైళ్ళు తిరిగింది. మన కొలతలో 2,28,000 కిలోమీటర్ల పైమాటే. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు ఒకప్పుడు ఈ బండి తులసికోటలాగా ఉండేది. ఉందా అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, లేకపోతే మాత్రం గమనించేవాళ్ళు. దాన్ని డీలరుకిచ్చి కొత్తది తెచ్చుకుంటున్నానంటే డాలస్‌లో ఉన్న మా బావమరిది ఫోన్లోనే కోప్పడ్డాడు. "బావా, డీలరుకిస్తే వెయ్యి డాలర్లు బూడిదలో పోసినట్టే. నువ్వే అమ్ము. యూనివర్సిటీ పిల్లలు ఎగరేసుకుపోతారు."

నేను పన్ను లెక్క చెప్పాను. న్యూజెర్సీలో అమ్మకపు పన్ను 6.625 శాతం. పాత బండి మారకం ఇస్తే దాని వెల పోను మిగిలిన ధర మీదే పన్ను. 5,400 డాలర్ల బండి ఇస్తే 357 డాలర్ల 75 సెంట్లు మిగులుతాయి. కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలికైతే ఈ వెసులుబాటు లేదు, అక్కడ కొత్త బండి మొత్తం ధర మీద కట్టాల్సిందే. బావమరిది లెక్కలవాడు కాబట్టి వెంటనే మెత్తబడ్డాడు. నేను చెప్పింది అసలు కారణం కాదని అతనికి తెలియదు.

అసలు కారణం డిక్కీలో ఉంది. మూడేళ్ళ కిందట ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద, కూరగాయలు కొనుక్కుని బయల్దేరబోతుంటే వెనకనుంచి ఒక వ్యాను వచ్చి గుద్దింది. పెద్ద దెబ్బ కాదు. ఆ వ్యానతను చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. ఇన్సూరెన్సుకు చెప్పొద్దు, ప్రీమియం పెరుగుతుంది, రిపేరు డబ్బులు నేనిస్తానన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఒక చిన్న గ్యారేజీలో నగదు ఇచ్చి బాగు చేయించాను. బంపరు మారింది, రంగు కలిసింది, చూస్తే ఎవరికీ తెలియదు. కార్‌ఫాక్స్‌లో బండి నంబరు కొట్టి చూసినా తెలియదు, అక్కడ కనిపించేది ఎవరో ఒకరు నమోదు చేసిన చరిత్రే కదా. కానీ అప్పటినుంచీ జోరువాన పడితే స్టెప్నీ పెట్టే గుంటలో నీళ్ళు చేరేవి. ఎక్కడినుంచి కారుతున్నాయో ఆ గ్యారేజీవాడికీ దొరకలేదు. మా ఆవిడ ఇంట్లోంచి ఒక పాత స్టీలు చెంబు తెచ్చి డిక్కీలో పడేసింది. వాన వెలిశాక తివాచీ ఎత్తి చెంబుతో తోడటం మా ఇంట్లో ఒక అలవాటై కూర్చుంది.

ఈ బండిని యూనివర్సిటీ కుర్రాడికి అమ్మాలి. వాడు ఏ నరసరావుపేటనుంచో కరీంనగర్‌నుంచో వచ్చినవాడై ఉంటాడు. ఇంటికొచ్చి "అంకుల్" అంటాడు, మా ఆవిడ కాఫీ ఇస్తుంది, ఫలానా వాళ్ళ అబ్బాయని బయటపడుతుంది. అప్పుడు డిక్కీ సంగతి చెప్పకుండా ఎలా ఉంటాను? చెబితే వెల పడిపోతుంది. చెప్పకపోతే సంక్రాంతి సంబరాల్లో పులిహోర వరుసలో వాడు నా వెనకే నిలబడతాడు. డీలరు ఏ వరుసలోనూ నిలబడడు. నాకు కావలసింది ముఖం లేని బేరం.

మా తాతయ్యకు ఆ సౌకర్యం లేదు. ఆయన ఎద్దుల్ని సంతలో మార్చేవాడు. అలిసిన ఎద్దును ఇచ్చి, పైన కొంత డబ్బు పెట్టి, పడుచు ఎద్దును తోలుకొచ్చేవాడు. షోరూము భాషలో చెప్పాలంటే ట్రేడ్ ఇన్. నేను చిన్నప్పుడు రెండు మూడుసార్లు వెంట వెళ్ళాను. దళారి వచ్చి ఎద్దు మూతి ఎత్తి కింది పళ్ళు లెక్కపెట్టేవాడు. రెండు పళ్ళా, నాలుగా, ఆరా, ఎనిమిదీ వచ్చేశాయా అని. సుడులు చూసేవాడు, నడిపించి చూసేవాడు. తర్వాత ఇద్దరి చేతుల మీదా తుండుగుడ్డ పడేది. ఆ గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని నొక్కుతూ వెల మాట్లాడుకునేవాళ్ళు. పైకి చూస్తే ముఖాల్లో ఏమీ ఉండదు. నాకు అదొక గారడీలాగా ఉండేది.

ఒకసారి ఒక ఎద్దును తోలుకెళ్ళాం. దుక్కికి బంగారం, కానీ నీళ్ళంటే బెదురు. మడమల్లోతు వాగైనా దిగదు. కొనడానికి వచ్చినతను పళ్ళు చూశాడు, నడక చూశాడు, తృప్తి పడ్డాడు. గుడ్డ వెయ్యబోయే ముందు తాతయ్య అన్నాడు, "నీ పొలం వాగవతలుంటే మాత్రం తీసుకోబాక." దళారి నెత్తి కొట్టుకున్నాడు. అతను నవ్వి, నా పొలం ఇవతలే అని తీసుకున్నాడు.

ఈ కథ చెప్పి తాతయ్యను హరిశ్చంద్రుణ్ణి చెయ్యాలని కాదు. గుడ్డ కింద ఆయన వేళ్ళు ఎన్ని అబద్ధాలు ఆడాయో నాకేం తెలుసు? దారిలో నేను అడిగితే ఆయన చెప్పిన జవాబు వేరు. "వాడిది మనూరికి రెండు కోసుల దూరం. దాచిపెడితే వచ్చే సోమవారానికల్లా ఎద్దును పట్టుకొచ్చి మన గడపలో కట్టేస్తాడు." అంతే. సత్యానికి ఆయన చెప్పిన కారణం వచ్చే సోమవారం.

షోరూములో నాకు వచ్చే సోమవారం లేదు.

వెల కట్టే మనిషి వచ్చాడు. యాభై దాటినవాడు, మెళ్ళో కళ్ళజోడు వేలాడుతోంది. నన్నూ రమ్మన్నాడు. బండి చుట్టూ నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాడు, నోరు విప్పకుండా. ముందు బంపరు మీద ఒక గీత దగ్గర ఆగి వేలితో నిమిరాడు. ఏమీ అనలేదు. నేనే అన్నాను, "అది పార్కింగులో తోపుడు బండి తగిలి." తలుపు మీది సొట్టను బొటనవేలితో తడిమాడు. "అది మా అమ్మాయి సైకిలు." అద్దం అంచు. "మంచు గీకుతుంటే." అతను అడగకుండానే నేను ఒక్కొక్క నేరమూ ఒప్పుకుంటూ పోయాను. ఈ మౌన ప్రదక్షిణ ఆ వృత్తిలో నేర్పించే విద్యేనని తర్వాత తెలిసింది. చూపించి ఊరుకుంటే చాలు, బండిగలవాడు తన బండిని తానే తిట్టుకుని సగం వెలకు దిగి వస్తాడు.

కుడి తలుపు తెరిచి కాళ్ళ దగ్గరి తివాచీ చూశాడు. అక్కడ అరిగి దారాలు లేచాయి. మా నాన్న రెండుసార్లు వచ్చి ఆరేసి నెలలు ఉన్నారు. ఆ సీట్లోనే కూర్చునేవారు. బండి అరవై దాటితే చాలు, ఆయన కుడికాలు అక్కడ లేని బ్రేకును బలంగా తొక్కేది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆ అరుగుడు చూసి అతను కాగితం మీద ఏదో రాసుకున్నాడు. దానికెంత తగ్గించాడో నేను అడగలేదు.

తర్వాత జేబులోంచి అరచేతిలో ఇమిడే పరికరం తీశాడు. రంగు పొర మందం కొలిచేది. ముందు తలుపుకు ఆనించాడు, వెనక తలుపుకు ఆనించాడు, డిక్కీ దగ్గర రెండుమూడు చోట్ల ఆనించాడు. పళ్ళు లెక్కపెట్టడమన్నమాట. నా గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. అతని ముఖం మాత్రం గుడ్డ కింద వేళ్ళున్న దళారి ముఖంలాగే ఉంది.

"ఈ బండి గురించి మాకు తెలియాల్సింది ఇంకేమైనా ఉందా?" అన్నాడు చివరికి.

"పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా దారిలో ఆగిపోలేదు" అన్నాను.

నిజమే. ప్రతి అక్షరమూ నిజమే. కురుక్షేత్రంలో ధర్మరాజు కూడా అబద్ధమేమీ ఆడలేదు, ఒక్క మాట దగ్గర గొంతు తగ్గించాడంతే. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం ఆ తర్వాత నేలను తాకిందట. నా కామ్రీకి ఆ భయం లేదు, అది మొదటినుంచీ నేల మీదే.

కూర్చోబెట్టారు. కాఫీ మెషీను, పాప్‌కార్న్, ఎవరూ చూడని టీవీ. మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏమండీ, డిక్కీ సంగతి చెప్పారా?" "అడగలేదు." "అడక్కపోతే చెప్పకూడదని ఉందా?" నేను సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.

అమెరికా ఇంగ్లీషులో కొన్నాక మొరాయించే బండిని నిమ్మకాయ అంటారు. మనం కొత్త బండి నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. 2012లో బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుళ్ళో ఈ కామ్రీకి పూజ చేయిస్తుంటే ఎనిమిదేళ్ళ మా అమ్మాయి గట్టిగా అడిగింది, "నాన్నా, లెమన్ అంటే చెడ్డ కారు కదా, మనమెందుకు లెమన్స్ పెడుతున్నాం?" పూజారిగారు వినలేదో, విననట్టున్నారో. నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

ఆ నిమ్మకాయ మీద ఒకాయన ఏకంగా ఆర్థికశాస్త్రమే రాశాడు. జార్జ్ ఎకర్లాఫ్, 1970లో. పాత బండ్ల బజార్లో ఏది మంచిదో ఏది నిమ్మకాయో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్నిటికీ మధ్యస్థంగా ఒక వెల అంటాడు. ఆ వెలకు మంచి బండి ఇవ్వడానికి మనసొప్పనివాళ్ళు బజారునుంచి తప్పుకుంటారు. మిగిలినవి ఇంకాస్త నాసి, కాబట్టి వెల ఇంకాస్త దిగుతుంది, ఇంకొందరు తప్పుకుంటారు. చిన్న వ్యాసమే. మూడు పత్రికలు తిప్పికొట్టాయి. మొదటి తిరస్కరణ ఉత్తరం ఆయనకు అందింది మన దేశంలోనే, 1967-68లో ఆయన అక్కడ పనిచేస్తూ ఉండగా. ఆ వ్యాసంలో కార్ల తర్వాత మన పల్లెల వడ్డీవ్యాపారి కూడా కనిపిస్తాడు, ఊళ్ళో ఎవడు తీరుస్తాడో ఎవడు ఎగ్గొడతాడో తెలిసిన మనిషిగా. 2001లో నోబెల్ వచ్చింది. ఎకర్లాఫ్‌గారు మా తాతయ్యతో పాటు సంతకు వచ్చి ఉంటే వచ్చే సోమవారం గురించి ఏమనేవారో.

కుర్రాడు కాగితంతో వచ్చాడు. కాగితం మీద నాలుగు గడులు. ఒకదాంట్లో కొత్త బండి ధర, ఒకదాంట్లో నా పాతదాని వెల, ఒకదాంట్లో ముందు కట్టే సొమ్ము, ఒకదాంట్లో నెలనెలా కట్టేది. పాతదాని గడిలో 4,200. ముందురోజు రాత్రి నేను కెల్లీ బ్లూ బుక్‌లో చూసుకుని వచ్చాను. 1926లో లాస్ ఏంజిలెస్‌లో పాత బండ్లు అమ్మే లెస్ కెల్లీ అచ్చువేయడం మొదలుపెట్టిన ధరల పట్టిక అది, ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. అందులో 5,100కు తక్కువ లేదు. చూపించాను. కుర్రాడు మేనేజరును అడిగొస్తానని వెళ్ళాడు. మేనేజరు గాజు గదిలోనే ఉన్నాడు, ఇద్దరూ నవ్వుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. మూడు ప్రయాణాల తర్వాత 5,400 దగ్గర ఆగింది. నేను గెలిచానని లోపల ఈల వేసుకున్నాను. ఇంటికొచ్చి కాగితాలు పరచుకుంటే తెలిసింది, కొత్తదాని మీద మొదట ఇస్తామన్న తగ్గింపులో 800 ఆవిరైపోయాయని. ఒక గడిలో పోసింది ఇంకో గడిలోంచి తోడారు. నా డిక్కీలో నేను చేసే పనే.

పాతదాన్ని మొదటి వాయిదాగా తీసుకునే ఈ పద్ధతి వందేళ్ళనాటిది. 1920లలో అమెరికాలో కొనగలిగినవాళ్ళలో చాలామంది అప్పటికే ఒక కారు కొనేశారు. వాళ్ళచేత రెండోది కొనిపించాలంటే మొదటిది వదిలించాలి. జనరల్ మోటార్స్‌ను నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ తన జ్ఞాపకాల్లో ఆ వ్యాపారాన్ని మార్చిన నాలుగింటిలో దీన్నీ లెక్కపెట్టాడు. మిగిలిన మూడూ వాయిదాల అమ్మకం, పైకప్పున్న బండి, ఏటికేడు కొత్త మోడలు. చెడిపోని వస్తువును మార్చుకోవాలనుకోవడం కూడా అప్పుడే నేర్పారేమో.

సంతకాల గదిలో ఎక్కువసేపు పట్టలేదు. వారంటీ పొడిగింపు వద్దన్నాను, సీట్లకు పూత వద్దన్నాను, నా ఇంటిపేరును అక్కడున్నాయన మూడు రకాలుగా పలికితే మూడింటికీ తలూపాను. ఒక కాగితం మీద మాత్రం ఆగాను. ఓడోమీటరు చూపిస్తున్న మైళ్ళు నిజమైనవేనని నేనిచ్చే వాంగ్మూలం. దాని మీద అబద్ధమాడితే ఫెడరల్ నేరం, 1972 చట్టం. 1,42,000 మైళ్ళకు నేను హామీ. నీళ్ళకు ఆ కాగితంలో గడి లేదు.

సామాన్లు తీసుకోవడానికి బండి దగ్గరికి వెళ్ళాను. గొడుగు, అమ్మాయి చిన్నప్పటి ఒక చేతిగ్లౌజు, ఎండిపోయిన కొబ్బరి చిప్ప. డిక్కీ తెరిచి చెంబు తీస్తుంటే వెనక అడుగుల చప్పుడు. వెల కట్టినాయన. చెంబు వైపు చూశాడు. వంగి తివాచీ మూల పట్టుకుని ఎత్తాడు. ముందురోజు పడ్డ వానకు స్టెప్నీ చుట్టూ అంగుళం నీళ్ళు. చుట్టూ తుప్పు.

"ఎంతకాలంనుంచి?" అన్నాడు.

"మూడేళ్ళు." నా గొంతు నాకే వినిపించలేదు.

అతను కోప్పడతాడనుకున్నాను. 5,400 కొట్టేసి మళ్ళీ 4,200 రాస్తాడనుకున్నాను. అతను తివాచీ జాగ్రత్తగా పరిచి చేతులు తుడుచుకున్నాడు. "ఇక్కడ రంగు రెండింతలుంది, తెలుస్తూనే ఉంది. అయినా ఇంత వయసు బండికి చెప్పనిది ఏదో ఒకటి ఉంటుందని ముందే కొంత తీసేసే వెల కడతాం. దీన్ని మా దగ్గర అమ్మం, వేలానికి పోతుంది. ఎర్రదీపం కింద."

ఎర్రదీపం ఏమిటని అడిగాను. డీలర్ల వేలాల సంగతి అప్పుడు చెప్పాడు. పెన్సిల్వేనియాలో మాన్‌హైమ్ అనే చిన్న ఊళ్ళో 1945లో మొదలైనదానిలాంటివి. మామూలు జనానికి ప్రవేశం లేదు, అమ్మేదీ కొనేదీ డీలర్లే. బండ్లు వరసగా ఎద్దుల్లాగా నడిచొస్తాయి, వేలంపాటగాడు ఊపిరి తీసుకోకుండా పాడుతుంటాడు. ప్రతి బండి పైనా ఒక దీపం. పచ్చదైతే ఇంజను గట్రా బాగున్నాయని పూచీ. పసుపైతే లోపం ఉంది, అదేమిటో పైకి చెప్పి అమ్ముతున్నారు. ఎర్రదైతే ఉన్నదున్నట్టు తీసుకుపో, తర్వాత రావద్దు.

"మీలో మీరు లోపాలు చెప్పుకుంటారా?" అన్నాను.

"చెప్పకపోతే ఎలా? వచ్చే వారం మళ్ళీ వాళ్ళతోనే కదా" అన్నాడు.

నేను చెంబు పట్టుకుని నిలబడిపోయాను. నా అబద్ధానికి వాళ్ళు ముందే వెల కట్టి మినహాయించుకున్నారు. నేను ఆడినా ఆడకపోయినా ఆ మినహాయింపు అంతే. నిజం చెప్పే మనిషి వచ్చినా అతనిచేత కూడా నా వాటా కట్టిస్తారు. ఆ యూనివర్సిటీ కుర్రాడికి నీళ్ళ సంగతి చెప్పి 5,400కే ఇచ్చి ఉంటే, బహుశా వాడు తీసుకునేవాడే. వాడి వయసులో నేనైతే చెంబుతో సహా తీసుకునేవాణ్ణి.

నంబరు ప్లేట్లు విప్పడానికి ఒక పనివాడు వచ్చాడు. నేను చేస్తానని స్క్రూడ్రైవర్ అడిగి తీసుకున్నాను. న్యూజెర్సీలో ప్లేట్లు బండితో పోవు, బండిగలవాడితో ఉంటాయి. వాటిని కొత్తదానికి మార్చుకోవచ్చు. తాతయ్య కూడా ఎద్దును ఇచ్చేవాడుగానీ పలుపు ఇచ్చేవాడు కాదు. కొనేవాడు తన తాడు తెచ్చుకోవాలి. పాత పలుపును భుజాన వేసుకుని, పడుచు ఎద్దును కొన్న తర్వాత దాని మెడకు అదే కట్టి తోలుకొచ్చేవాడు. ఎందుకని అడిగితే పలుపు పోతే దొడ్డి ఖాళీ అవుతుందనేవాడు. వెనక ప్లేటు రెండో మర తుప్పు పట్టి తిరగలేదు. పనివాడు ఏదో నూనె కొట్టి, కాసేపాగమని చేత్తో సైగ చేశాడు. వదులైంది. ప్లేటు కింద పన్నెండేళ్ళు ఎండ తగలని రంగు కొత్తగా మెరుస్తోంది. వెనకది కాబట్టి ఇది ఆ నగదు గ్యారేజీ వేసిన రంగు, పన్నెండేళ్ళది కాదు, మూడేళ్ళదే. అక్కడ కూడా నన్ను నేను మోసం చేసుకోబోయాను.

పాత నంబరుతోనే కొత్త బండి తోలుకొచ్చాను. ఇల్లు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. మా ఆవిడ గొడుగేసుకుని బయటికొచ్చింది, హారతి ఇవ్వడానికి కాదు, "చెప్పారా లేదా?" అని అడగడానికి. "వాళ్ళకే తెలిసింది" అన్నాను. ఆమె ఇంకేదో అనబోతుంటే అలవాటు కొద్దీ డిక్కీ తెరిచి తివాచీ మూల ఎత్తి చూశాను.

నీళ్ళు లేవు. స్టెప్నీ కూడా లేదు. దాని చోట గాలి కొట్టే చిన్న పంపు, పక్కన ఒక జిగురు సీసా. కొత్త బండ్లలో చాలావాటికి ఇప్పుడు ఇంతేనట. మూడు గంటలు కూర్చున్నాను, ఒక్కరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఆవిడ ఆ గుంటలోకి తొంగిచూసి, నేను వెంట తెచ్చిన చెంబు తీసి అందులో పెట్టింది.